ట్యాంకులో ఆవులు

ఆ గురువారం పొద్దున మోంతెవిదేయోలో గాలీవానా కలిసి ఊరిని ఆడించేస్తున్నాయి. గొడుగులన్నీ తిరగబడుతున్నాయి. జనం గోడలకి అతుక్కుని నడుస్తున్నారు. వాల్దెమార్ పీరిస్ ఒక్కడే వీధి నడిమధ్య నుంచి, ఈల వేసుకుంటూ, నీళ్ల గుంట కనబడితే చాలు తిన్నగా అందులోకే అడుగేస్తూ వస్తున్నాడు. ముప్పై దాటిన మనిషి, పెద్ద మీసం, మంచి ఉద్యోగం. అయినా ఆదివారం సాయంత్రం నుంచీ అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు. గుంటలో పడితే అది గుంట అని గుర్తుపట్టే స్థితిలో కూడా లేడు పాపం.

దీనికంతటికీ కారణం నీబియా ఎచెవెర్రి. ఆఫీసులో అతని పక్క బల్ల ఆమెదే. ఇద్దరూ ప్రోగ్రాములు రాస్తారు, రెండేళ్లుగా కలిసి తిరుగుతున్నారు. ఆదివారం ఎప్పటిలాగే నది ఒడ్డున గోడ మీద కూర్చుని, చంకలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని, ఒకే సొరకాయ బుర్రలోంచి మాతే అనే ఆకుల కషాయం పీల్చి తాగుతున్నారు. మనవాడు పొద్దుటి నుంచీ అద్దం ముందు నిలబడి వల్లె వేసిన ప్రశ్న ఒకటి గొంతు దాకా వచ్చింది. వచ్చి, అక్కడ భయపడి, వంకర తిరిగి బయటపడింది.

"నీబియా, ఎప్పుడైనా నేను నిన్ను... నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాననుకో. అది అడక్కూడని మాటవుతుందా?"

నీబియా ఒక గుక్క పీల్చింది. నీళ్ల వైపు చూసింది. "అడక్కూడని మాటేం కాదు," అంది.

అంతే జరిగింది. తర్వాత గాలి ఎక్కువైందని ఇద్దరూ లేచి ఇళ్లకి పోయారు.

ఇందులో 'సరే' అన్న మాట ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు. వాల్దెమార్‌కి మాత్రం దొరికింది. ఇంటికెళ్లగానే మీనాస్‌లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాడు. దోన్యా నెలిదా సంతోషం పట్టలేక ఒకసారి ఏడ్చి, మరుక్షణం మాంసం కొట్టువాడికి ఫోన్ చేసి, గొర్రెపిల్లని మాట్లాడేసింది. సోమవారానికల్లా ముసలాళ్లు బంతులాట ఆడుకునే బోచాస్ క్లబ్బు హాలు శనివారం సాయంత్రానికి ఖాయమైంది. పేటలోని డప్పులవాళ్లు వస్తామన్నారు. అత్తలూ పిన్నులూ బస్సు టికెట్లు తీసుకున్నారు. ఏదో సాకు చెప్పి నీబియాని క్లబ్బుకి తీసుకురావాలి, ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే డప్పులు ఒక్కసారిగా మోగాలి, అందరి ముందూ పెళ్లి కబురు చెప్పాలి. అదీ ఏర్పాటు. కనబడ్డ ప్రతివాడి చెవిలోనూ ఈ సంగతి వేసి, "నీబియాకి మాత్రం చెప్పకండేం!" అని ఒట్టు వేయించుకుంటున్నాడు. దాంతో పెళ్లికూతురికి తప్ప పేటంతటికీ పెళ్లి సంగతి తెలిసిపోయింది.

అతని సంతోషానికి రెండో కారణం కూడా ఉంది. అది కంప్యూటర్లో ఉంది.

వాళ్ల ఆఫీసు దోన్యా జుల్మా దుకాణం పైన, అదే, పూర్ణం పెట్టిన పిండి బిళ్లలు, రావియోలీలు అమ్మే దుకాణం పైన, పాత మేడ మీది రెండు గదులు. సాన్ హోసే వైపు పాల రైతుల సంఘం ఒకటి వాళ్ల చేత ప్రోగ్రాం రాయించుకుంటోంది. ఏ ట్యాంకులో ఎన్ని పాలు పడ్డాయి, ఎంత చల్లగా ఉన్నాయి, ఎప్పుడు కాచాలి, అన్నీ అది చూసుకోవాలి. అందులో ట్యాంకు నింపే ముక్కని వాల్దెమార్ ఒక్కసారే రాశాడు. పాలైనా, మీగడైనా, మజ్జిగైనా అదే ముక్క పనిచేస్తుంది. ఏ టైపు ఇచ్చినా పుచ్చుకునే అలాంటి జెనరిక్ కోడ్‌తో ఒక తంటా ఉంది: అడ్డమైనవీ లోపలికి దూరతాయి. అందుకని వాల్దెమార్ దాని గుమ్మంలో ఒక షరతు పెట్టాడు. లోపలికి రావాలంటే నీ కొలత లీటర్లలో ఉండాలి. లేదంటే ప్రోగ్రాం నడవడం దాకా కూడా రానక్కర్లేదు, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఆ కంపైల్ చేసేటప్పుడే ఎర్రటి అక్షరాలతో గెంటేస్తుంది. ఆ షరతుకి అతను ముద్దుగా 'కాపలావాడు' అని పేరు పెట్టుకున్నాడు.

పరీక్షించలేదనుకునేరు, పరీక్షించాడు. లారీ డ్రైవరు పేరుని ట్యాంకులో పోయబోయాడు. కాపలావాడు మెడ పట్టి గెంటేశాడు. ఆ రోజు వాల్దెమార్ ఆఫీసంతా స్వీట్లు పంచాడు. అప్పట్నుంచీ ఎవరెంత కోడ్ రాసినా ఒక్క తప్పూ రాలేదు. ఎర్ర అక్షరం అన్నదే కనబడలేదు. అందరూ ఎంత బాగా రాస్తున్నారో చూడండని అతను పొంగిపోయాడు. సోమవారం సంఘం వాళ్లు చూడడానికి వస్తున్నారు.

తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చేసరికి ఆఫీసులో పనేమీ సాగడం లేదు. వాన పడితే ఆ ఊళ్లో తోర్తా ఫ్రీతాలు తినాల్సిందే. పిండి సాగదీసి కొవ్వులో వేయించే ఆ రొట్టెల వాసన కింద దుకాణం నుంచి మేడ మీదికి ఎక్కేసింది. యజమాని ఎర్మెస్ బెంతాంకోర్ మాతే కలిపి అందరికీ తిప్పుతున్నాడు. తలుపు పక్క బల్ల దగ్గర, వాళ్లతోనే కోడ్ రాసే దార్దో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"వచ్చాడయ్యా పెళ్లికొడుకు!" అన్నాడు దార్దో. "గొడుగేదిరా?"

"గొడుగెందుకురా, ఎండ కాస్తుంటే!"

"కాస్తోందా? ఎక్కడ?"

"ఇక్కడ," అని గుండె మీద కొట్టుకుని చూపించాడు వాల్దెమార్. చొక్కాలోంచి నీళ్లు చిమ్మాయి. "నీబియా ఏది?"

"రొట్టెలు తేవడానికి కిందకెళ్లింది," అన్నాడు బెంతాంకోర్, మాతే అందిస్తూ.

"గ్రాసియాస్!" అనేశాడు వాల్దెమార్ ఉత్సాహంగా.

"అయితే నీకిక లేదు," అని బెంతాంకోర్ బుర్రని వెనక్కి లాక్కున్నాడు. మాతే దగ్గర థ్యాంక్స్ చెబితే ఇక చాలన్నట్టే. ఐదేళ్ల పిల్లలకి కూడా తెలిసిన సంగతిది. మనవాడు ఒక్క గుక్కైనా తాగకుండానే ఆ పొద్దుటి మాతేకి నీళ్లొదులుకున్నాడు. అదీ పట్టించుకోలేదు.

అప్పుడు నీబియా రొట్టెల పళ్లెంతో పైకి వచ్చింది. పొట్టి మనిషి, కురచ జుట్టు, నల్ల స్వెటరు. ఆ స్వెటరు రెండు భుజాల మీదా రెండు తెల్లటి పిండి చేతుల ముద్రలున్నాయి. ఎవరో గట్టిగా కావలించుకుని వదిలినట్టున్నాయి. దార్దో చూశాడు. బెంతాంకోర్ చూశాడు. ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగి వానని చాలా శ్రద్ధగా గమనించడం మొదలెట్టారు. వాల్దెమార్ ఒక్కడికే ఏమీ కనబడలేదు.

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది. కూర్చుంది. ఏదో టకటకా రాసింది. రాసి, కుర్చీ వెనక్కి జరిపింది.

"వాల్దెమార్, నీ కాపలావాడు ఎలా ఉన్నాడు?"

"వాడికేం, రాయిలా ఉన్నాడు! ఇన్నాళ్లయినా ఒక్క తప్పు పోనివ్వలేదు."

"ఒక్కణ్ణయినా ఆపాడా?"

"ఆపే పనే పడలేదమ్మాయ్. అదే కదా గొప్ప!"

"అలాగా. నేనో కొత్త టైపు రాశాను. ఆవు."

"ఏంటీ?"

"ఆవు. గడ్డి తింటుంది చూడు, అది. దాని కొలత లీటర్లు కాదు, తలలు. ఇన్ని తలల పశువులు అంటాం కదా. దాన్ని నీ ట్యాంకులో పోస్తున్నాను. కంపైల్ చెయ్యి."

వాల్దెమార్ నవ్వాడు. వేళ్లు విరుచుకున్నాడు. "రండి రండి, చూడండి, ఎలా తంతాడో!" అని అందరినీ పిలిచాడు. ఠంగుమని మీట నొక్కాడు.

కంపైలర్ కాసేపు ఆలోచించింది. తర్వాత ఏమీ అనలేదు. ప్రోగ్రాం తెరుచుకుంది. తెర మీద మూడో ట్యాంకు బొమ్మలో నీలం రంగు పైపైకి లేచింది. పక్కనే చక్కటి అక్షరాల్లో వచ్చింది: మూడో ట్యాంకులో నలభై ఆవులు. చల్లదనం నాలుగు డిగ్రీలు. ఆ కింద మర్యాదగా ఒక ప్రశ్న: ఇప్పుడు కాచమంటారా?

దార్దో కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు. నిజంగానే పడ్డాడు. బెంతాంకోర్ నోట్లో మాతే ముక్కులోంచి వచ్చింది.

"కాచొద్దు! కాచొద్దు!" అని నేల మీద నుంచే అరిచాడు దార్దో. "కొమ్ములు తీశాక కాచండి!"

"మీగడ ఎంతొస్తుందో చూడరా!" అన్నాడు బెంతాంకోర్.

"నా బూట్లు వెయ్యండి! కొలత నలభై మూడో నంబరు!" అన్నాడు దార్దో.

బూట్లు వేశారు. ట్యాంకు పుచ్చుకుంది. లారీలు వేశారు. పుచ్చుకుంది. బెంతాంకోర్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "నన్ను కూడా వెయ్యండమ్మా, తొంభై ఎనిమిది కిలోలు," అన్నాడు. యజమానిని వేశారు. నాలుగు డిగ్రీల దగ్గర ఆయన కూడా చల్లబడ్డాడు. ఆయన్ని కాచమంటారా అని తెర అడిగింది. కాచమని మూకుమ్మడిగా నొక్కారు. నవ్వీ నవ్వీ ఎవరికీ ఊపిరందడం లేదు. కింద నుంచి దోన్యా జుల్మా చీపురు కర్రతో కప్పుని పొడిచింది, ఏమిటా గోలంటూ.

వాల్దెమార్ కూడా నవ్వాడు. ముందు అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే షరతు రాసిన చోటు తెరిచాడు. చదివాడు. మళ్లీ చదివాడు. నవ్వు మీసం కిందే ఆగిపోయింది.

"ఇదేమడుగుతోంది?" అంది నీబియా. ఆమె మాత్రం నవ్వడం లేదు.

"నీ కొలత లీటరేనా అని."

"సరిగ్గా చదువు."

చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "కాదు. నీ కొలత లీటరేనా అన్న ప్రశ్న అడగడం కుదురుతుందా అని అడుగుతోంది."

"కుదురుతుందా మరి?"

"కుదురుతుంది. ఆవుకీ ఒక కొలత ఉంది కాబట్టి, లీటరేనా అని అడగొచ్చు. డ్రైవరు పేరుకి కొలతే లేదు, అడగడమే కుదరదు. అందుకని వాణ్ణొక్కణ్ణే ఆపింది."

"అడిగాక వచ్చిన జవాబో?"

"జవాబు..." వాల్దెమార్ గొంతు తగ్గింది. "జవాబు కాదనే వచ్చింది. ఎవరూ వినలేదు. ప్రశ్న బాగుంటే చాలని లోపలికి పంపేశాను."

వాళ్లు కోడ్ రాసే భాషలో ఇదొక పాత గోతి. 'ఇది నిజమై తీరాలి' అని చెప్పే ఒక్క మాట షరతు ముందు మళ్లీ రాయాలి. రాయకపోతే కంపైలర్ ప్రశ్న అర్థవంతంగా ఉందా లేదా అన్నంత వరకే చూసి దారి వదిలేస్తుంది. ఎంతటివాళ్లయినా ఒకసారి ఈ గోతిలో పడే ఉంటారు. కానీ కోడ్‌లో ఒకసారి, నది ఒడ్డున గోడ మీద ఒకసారి, ఇలా రెండుసార్లు పడ్డవాడు బహుశా వాల్దెమార్ ఒక్కడే. ఆ సంగతి అతనికి అప్పుడే తట్టింది. తలెత్తి నీబియా వైపు చూశాడు. భుజాల మీది పిండి చేతులు కనబడ్డాయి. అంత పెద్ద చేతులు ఆ పేటలో ఒక్కరికే ఉన్నాయి.

"దోన్యా జుల్మా ఏమంది?" అన్నాడు మెల్లగా.

"శనివారానికి రావియోలీలు తన కానుకంది. ఎన్ని కిలోలు చాలతాయని నన్నడిగింది. నేను నోరు వెళ్లబెట్టుకుని నిలబడ్డాను. కావలించుకుని ముద్దులు పెట్టేసింది." నీబియా గొంతులో కోపం ఉంది. కోపం కింద ఇంకేదో ఉంది, అది వినడానికే అతనికి భయమేసింది. "కింద దుకాణానికి తెలుసు, డప్పులవాళ్లకి తెలుసు, గొర్రెపిల్లకి కూడా తెలిసే ఉంటుంది. నాకు తెలీదు. ముందు ఆ షరతు సరిచెయ్యి, సోమవారం వాళ్లొస్తున్నారు."

వాల్దెమార్ ఆ ఒక్క మాటా చేర్చాడు. మీట నొక్కాడు.

ఇక చూడాలి! ఎర్ర అక్షరాలు కుండపోతగా దిగాయి. ఆవులు పోయాయి, బూట్లు పోయాయి, లారీలు పోయాయి, బెంతాంకోర్ పోయాడు. ప్రతి ఎర్ర వాక్యానికీ దార్దో ఫుట్‌బాల్ ఆటలో గోలు పడ్డట్టు కేక పెడుతున్నాడు. కేకల మధ్యలో ఉన్నట్టుండి అతని నోరు పడిపోయింది. తెర మీద కొత్త వాక్యం వచ్చింది: జున్నునీళ్లని కిలోల్లో తూచి, లీటర్ల పాలలో కలుపుతున్నారు. అది ఎవరూ సరదాకి వేసింది కాదు. దార్దో తనే రాసిన అసలు కోడ్. సోమవారం దాకా ఉండి ఉంటే రైతుల ముందు పాలూ జున్నునీళ్లూ ఒకే లెక్కలో కలిసిపోయేవి.

"దొరికావురా దొంగా!" అని బెంతాంకోర్ దార్దో నెత్తి మీద ఒక్కటిచ్చి, వాల్దెమార్ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. ఇన్ని తప్పులు చూసి ఇంత సంబరపడిన ఆఫీసు ఇంకోటి ఉండదు. దార్దోకి సిగ్గు లేదు, గంతులేస్తున్నాడు. బెంతాంకోర్ రొట్టెలు గాల్లో ఊపుతున్నాడు.

వాల్దెమార్ ఒక్కడే కదలకుండా నిలబడ్డాడు. ఆదివారం నుంచీ మొదటిసారి కాళ్లు నేలకి ఆనాయి. బూట్లలో నీళ్లున్నాయని కూడా తెలిసింది.

"నీబియా, ఒకటి అడగనా?"

"అడుగు."

అడుగు అనగానే మొహం వెలిగింది. వెంటనే తనని తానే తిట్టుకుని ఆర్పేసుకున్నాడు. "శనివారం బోచాస్ క్లబ్బులో, డప్పులతో, మా అత్తలందరి ముందూ మన పెళ్లి కబురు చెబుదామని నేనొక్కణ్ణే అనేసుకున్నాను. నీకిష్టమేనా?"

అని ఊరుకున్నాడు. మధ్యలో ఇంకో మాట పెట్టలేదు.

"ఇష్టం లేదు," అంది నీబియా.

గదిలో గంతులు ఆగిపోయాయి. వాల్దెమార్ తల ఊపాడు. ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సేపు పట్టింది. తర్వాత ఫోన్ తీసి అమ్మకి చేశాడు. వీధి అవతలికి కూడా వినబడే గొంతు ఆవిడది, ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాలి. అందుకని అందరికీ వినబడింది.

"అమ్మా, శనివారం లేదు. నీబియాకి ఇష్టం లేదంది."

"ఇష్టం లేదందా! ఒరేయ్, గొర్రెపిల్లని కోయించేశాన్రా! మీ పెద్దత్త జుట్టుకి రంగేసుకుంది, ఈ వయసులో! ఏం చేశావురా ఆ పిల్లని?"

"నేనేం చెయ్యలేదమ్మా. అదే తప్పు."

"తిన్నగా ఏడువ్. నిన్ను పెళ్లాడతానందా లేదా?"

అంది అనబోయాడు. నాలుక చివరి దాకా వచ్చింది. ఆదివారం నుంచీ ఎంతమందికి చెప్పాడో, ఎంత తియ్యగా ఉందో ఆ అబద్ధం. మింగేశాడు.

"తెలీదమ్మా. నేనింకా అడగలేదు."

అటువైపు దోన్యా నెలిదా గొంతు ఒక్కసారిగా తగ్గింది. ఆవిడ జీవితంలో అది చాలా అరుదు. "అడక్కుండానే నా చేత గొర్రెపిల్లని కోయించావట్రా?" అంది.

వాల్దెమార్ ఫోన్ కిందికి దించాడు. ఇప్పుడు కాదంటుందేమో. అననీ. ఇష్టం లేదని ఇంతకుముందే అంది, దీనికీ కాదనొచ్చు. రెండేళ్ల ఆదివారాలన్నీ ఒక్క మాటతో పోవచ్చు. అతనికి నిజంగా భయమేసింది. ఆ భయంతోనే ఆమె వైపు తిరిగాడు.

"నీబియా, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

అడిగి, ఆగాడు. వాన కిటికీని బాదుతోంది. దార్దో ఊపిరి బిగబట్టాడు. ఫోన్లోంచి దోన్యా నెలిదా ఊపిరి వినబడుతోంది. నీబియా అతని మొహంలోకి చూస్తోంది, ఎంతకీ ఏమీ అనదే! ఒక నవ్వు నవ్వి, ఏదో జోకు వేసి, ఆ నిశ్శబ్దాన్ని పూడ్చేయాలని అతనికి ప్రాణం కొట్టుకుంది. మీసం అదిరింది. నోరు మాత్రం మూసుకునే ఉన్నాడు.

"చేసుకుంటాను," అంది నీబియా.

వాల్దెమార్ గెంతలేదు, అరవలేదు. దగ్గరున్న కుర్చీలో కూలబడి, తడిసిన కుక్కపిల్లలా వణుకుతూ, వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వడం మొదలెట్టాడు. ఆమె కూడా అప్పుడు నవ్వింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనిషి కోపమంతా ఏమైపోయిందో తెలీదు, పిండి ముద్రల భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది.

"ఏమందిరా? ఒరేయ్, ఏమందిరా?" అని ఫోన్ అరుస్తోంది.

వాల్దెమార్ ఫోన్ ఆమె వైపు చాపాడు. "నువ్వే చెప్పు," అన్నాడు. "నేను చెబితే అమ్మ నమ్మదు."

నీబియా అందుకుంది. "నేనేనండీ, నీబియాని. ఇందాకే అడిగాడు. చేసుకుంటానన్నాను. అన్నది నేనే." అటు నుంచి వచ్చిన ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగింది. "గొర్రెపిల్లని ఉండనివ్వండి, శనివారం వస్తాం. అందరికీ చెప్పేది మాత్రం నేను."